అడిగి చేరడం, చేరి అడగడం

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్ళవుతున్నా మా విశాఖ గాజువాకలో ఇప్పటికీ అందరి నోటా ఎంసెట్టే. ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేదాకా మా వైపు మాటలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఏ కాలేజీ మంచిది? టీ కొట్టు దగ్గర అదే, కూర్మన్నపాలెం బస్సులో అదే, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు మారే వేళ గేటు దగ్గర అదే. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కనక నన్నూ అడుగుతారు. ఒక పేరు చెప్పి పంపేస్తే వాళ్ళకీ తేలిక, నాకూ తేలిక. అయినా చెప్పను. ఆ ప్రశ్నకి జవాబు లేదని నా నమ్మకం. జవాబు దొరికే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ పిల్లకి పాఠం చెప్పేది ఎవరు? నాలుగేళ్ళలో తన చేతులతో తను ఏం చేస్తుంది? పక్కన కూర్చునేవాళ్ళు ఎలాంటివాళ్ళు? ఇంటి మీద ఎంత అప్పు పడుతుంది?

ఇవి అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. పెళ్ళి సంబంధమంటే ఏడు తరాలు ఆరా తీసే తండ్రి, లక్షలు పోసి కూతుర్ని చేర్పించే చోట కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. సీటు ఇస్తే చాలన్నట్టు ఉంటుంది ఆ నిలబడడం. నాకు ఎప్పుడూ బాధ కలిగించేది అదే. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు, కాలేజీ పెడుతుందా?

కాగితాల మీద దొరికేవి ముందు చెబుతాను, వాటికి పెద్ద సమయం పట్టదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకి లెక్కలు పంపే కాలేజీ ఆ లెక్కల్ని తన సొంత వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో గట్టెక్కారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పైచదువులకి వెళ్ళారు, మధ్యస్థ జీతం ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఉద్యోగాలొచ్చిన వాళ్ళ జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడిమధ్యన నిలిచేది మధ్యస్థ జీతం. మద్దిలపాలెం కూడలిలో ఫ్లెక్సీ మీద వేసేది ఆ వరుసలో అందరికంటే పైనున్న ఒక్క కుర్రాడి జీతం. మీ అబ్బాయి బతుకు ఆ నడిమధ్య అంకెకే దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ, కనక చూడాల్సింది దాన్నే. న్యాక్ గుర్తింపు సంస్థ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా ఉంటుంది. మీరు చేరబోయే బ్రాంచికి అది ఉందో లేదో అడగండి, కాలేజీకి ఉందంటే ఒప్పుకోకండి. 20 మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు ఉండాలని ఏఐసీటీఈ నియమం. అధ్యాపకుల జాబితా కూడా వెబ్‌సైట్‌లో పెడతారు. అందులో ఉన్న పేర్లు నిజంగా క్లాసుకొస్తున్నాయా అన్నది మాత్రం ఏ కాగితమూ చెప్పదు. అది అక్కడ చదువుతున్న రెండో సంవత్సరం పిల్లలు చెప్పాలి. సాయంత్రం కాలేజీ బస్సు దిగే చోట నిలబడి, 'బాబూ, మీకు మెకానిక్స్ ఎవరు చెబుతారు?' అని అడిగి చూడండి. పేరు చెప్పి ఆయన గురించి మరో రెండు మాటలు వాళ్ళంతట వాళ్ళే కలిపారంటే ఆ కాలేజీలో చదువు నడుస్తున్నట్టు.

కిందటేడు మా పక్కింటి అమ్మాయికి మెకానికల్ మీద మనసు. వాళ్ళ నాన్న కోక్ ఒవెన్స్‌లో పనిచేస్తాడు. కంప్యూటర్స్ తీసుకోమని చుట్టాలంతా పోరుతుంటే అతను కూతురి వైపే నిలబడ్డాడు. ముగ్గురం కలిసి రెండు కాలేజీలు చూశాం. కావాలని పనిరోజునే, భోజనాలయ్యాక, ప్రాక్టికల్స్ జరిగే వేళకి వెళ్ళాం. మొదటి చోట ముందు సెమినార్ హాలు చూపించారు. ఏసీ, మెత్తటి కుర్చీలు, గోడంతా అద్దాలు. వర్క్‌షాపు చూస్తామంటే తాళంచెవి కోసం కాసేపు వెతికారు. లోపల లేతు మిషన్లు కొత్త ఆకుపచ్చ రంగుతో వరసగా ఉన్నాయి. ఆ అమ్మాయి చక్ మీద వేలు పెట్టి రాస్తే వేలికి దుమ్ము అంటింది. కింద ట్రేలో ఒక్క ఇనప తరుగు లేదు. వాళ్ళ నాన్న ఒంగి చూసి, "ఇది తిరిగి చానా రోజులయింది మాస్టారూ" అన్నాడు.

రెండో చోట గోడలకి పెచ్చులూడాయి. వర్క్‌షాపు గుమ్మంలోనే కటింగ్ ఆయిల్ వాసన ముక్కుకి తగిలింది. ట్రే నిండా చుట్టలు తిరిగి నీలం రంగెక్కిన ఉక్కు తరుగు. ఒక కుర్రాడు అప్పుడే తీసిన జాబ్‌ని వెర్నియర్‌తో కొలిచి ఏదో అంకె చెప్పాడు. ఇన్‌స్ట్రక్టర్ తల అడ్డంగా ఊపి మళ్ళీ కొలవమన్నాడు. రెండోసారీ కుదరలేదు. అతను విసుక్కోలేదు. కుర్రాడి వేళ్ళని పట్టుకుని దవడలు జాబ్‌కి నిటారుగా ఆనేలా సర్ది, ఇప్పుడు చదవమన్నాడు. మాతో వచ్చిన అమ్మాయి ఆగలేక, "సార్, నేనొకసారి పట్టుకోవచ్చా?" అంది. ఆయన మావైపు కూడా చూడలేదు. పరికరం ఆమె చేతిలో పెట్టి, "ముందు మెయిన్ స్కేల్ చదువమ్మా, తరవాత గీతలు కలిసిన చోటు చూడు" అన్నాడు. ఇంటికొచ్చాక వెబ్ ఆప్షన్లలో మొదటి పేరు ఏది పెట్టాలో ఎవరూ చర్చించలేదు.

పెచ్చులూడిన గోడలన్నీ మంచి చదువుకి గుర్తని నేననను. కానీ చదువు మనుషుల్ని బట్టి ఉంటుందనడానికి ఈ ఊళ్ళో నిలువెత్తు సాక్ష్యం ఉంది. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు కొండమీదికి వచ్చింది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కుర్చీలోకి వచ్చారు. అప్పటికి విశ్వవిద్యాలయానికి చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ లాంటి దాతల చేయూత పెద్ద అండ. అలాంటి రోజుల్లో రాధాకృష్ణన్ మనుషుల కోసం దేశమంతా వెతికారు. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు నిండలేదు. కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి, ఆర్థికశాస్త్రానికి వి.కె.ఆర్.వి. రావు వచ్చారు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ కూడా కొంతకాలం ఇక్కడ పాఠాలు చెప్పినవాళ్ళే. గ్రంథాలయంలోకి వెళితే అబ్బూరి రామకృష్ణారావు కనబడేవారు, తెలుగు కవిత్వాన్ని కొత్త దారి పట్టించిన వాళ్ళలో ఒకరు. ఆనాటి విద్యార్థికి పుస్తకం తీసి ఇచ్చే పెద్దమనిషే కవి. ఏ ఊళ్ళో దొరుకుతుంది అంత భాగ్యం? రేవులోకి ఓడలు రావడం 1933లో మొదలైతే, అదే ఏడు ఇక్కడ కెమికల్ ఇంజినీరింగ్ చదువూ మొదలైంది. దేశంలో ఆ చదువు చెప్పిన తొలి చోట్లలో ఇదొకటి.

అందుకే ఎవరైనా కాలేజీ పేరు చెబితే, అక్కడ ఎవరున్నారని అడుగుతాను. పేరు పాతదే, మనుషులు మారిపోయుండొచ్చు. పేరు కొత్తదే, ఒక మంచి హెడ్ చుట్టూ నలుగురు గట్టి కుర్రవాళ్ళు చేరుండొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీకైనా ఈ పరీక్ష వర్తించాల్సిందే. నేను దాని విద్యార్థినే కనక మరీ గట్టిగా చెబుతున్నాను.

చేరే ముందు అడగడం సగమే. చేరిన తరవాత అడగడం మిగతా సగం, ఇంకా పెద్ద సగం. విశాఖలో చదివే పిల్లలకి నేను మళ్ళీ మళ్ళీ చెప్పే కథ ఒకటుంది. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పాఠం చెప్పడానికి వచ్చాడు. సముద్రం ఎదురుగానే ఉంది, విశ్వవిద్యాలయానికి ఓడ లేదు. ఓడలు ఉన్నది నౌకాదళానికి. వాళ్ళని అడిగారు. నౌకాదళం ఒప్పుకుంది. మన అధ్యాపకులు, విద్యార్థులు ఆ ఓడలెక్కి బంగాళాఖాతం లోతులు కొలిచారు, నీటి వేడి కొలిచారు, ఉప్పదనం కొలిచారు. ఈ తూర్పు తీరానికి దగ్గర్లో సముద్రం అడుగున లోయలున్నాయని తరవాత పరిశోధనల్లో తేలింది. మూడు లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే ఇక్కడి జియాలజీ ప్రొఫెసర్. కృష్ణ అంటే అప్పటి వైస్ చాన్సలర్ వి.ఎస్. కృష్ణ. ఆర్కే బీచ్‌లో ఇసక మీద కూర్చుని సెల్‌ఫోన్ చూసుకునే పిల్లలకి ఈ సముద్రంలో నీటి అడుగున తమ యూనివర్సిటీ పేరున్న లోయ ఒకటుందని ఎవరైనా చెప్పాలి. ఓడ లేని చదువు ఓడ ఉన్నవాడిని అడిగి మొదలుపెట్టిన పనికి దక్కిన పేరది.

ఈ ఊరికి ఉక్కు ఫ్యాక్టరీ కూడా అడిగితేనే వచ్చింది. 1966లో టి. అమృతరావు నిరాహార దీక్షకి కూర్చున్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ వీధుల్లోకొచ్చిన వాళ్ళలో విద్యార్థులు ముందున్నారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారం జాతికి అంకితమైంది 1992లో. అంత వెల ఇచ్చి తెచ్చుకున్న కొలుములకి కూతవేటు దూరంలో మెటలర్జీ చదువుతూ, ద్రవ ఇనుము పారడం ఒక్కసారి కూడా కళ్ళారా చూడకుండా పట్టా పుచ్చుకునే పిల్లలున్నారంటే నాకు నిద్ర పట్టదు.

కొందరికి దారి తామనుకున్న చోట దొరకదు. సి.ఆర్. రావు గారి సంగతి చూడండి. ఈ ఊళ్ళోనే ఏవీఎన్ కాలేజీలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ. పిల్లవాడి చదువు కోసం తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనెదీపం వెలిగించేదని ఆయనే రాసుకున్నారు. ఎంఏ అయ్యాక సైన్యంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. వయసు చాలదని ఇవ్వలేదు. బస చేసిన చోట ఒకాయన పరిచయమై తను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఆ ఇన్‌స్టిట్యూట్‌ని స్వయంగా వెళ్ళి చూశాడు. 1941లో చేరాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1945లో, క్రామర్–రావు హద్దు అని ఇవాళ ప్రపంచమంతా పాఠాల్లో చదువుకునే ఫలితం ఆయన చేతినుంచి వెలువడింది. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, సంఖ్యాశాస్త్రానికి నోబెల్‌తో సమానంగా చెప్పుకునే అంతర్జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ రోజు రావలసిన ఉద్యోగం వచ్చుంటే ఏమయ్యేదో మనకి తెలీదు. మొదటి కౌన్సెలింగ్‌లో కోరిన సీటు రాలేదని అన్నం మానేసే పిల్లలకి మాత్రం నేను ఇదే చెబుతాను: అక్కడెవరో ఏదో చేస్తున్నారని తెలిస్తే, వెళ్ళి చూడు నాయనా.

డబ్బు మాట తప్పించుకోలేం. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకి అర్హులైన వాళ్ళకి ప్రభుత్వం ఫీజు సాయం అందుతుంది. యాజమాన్య కోటాలో కొనుక్కున్న సీటుకి అందదు. కంప్యూటర్స్ అనే ఒక్క పేరు కోసం ఉన్న ఎకరం అమ్మి యాజమాన్య కోటాలో చేర్పించే తల్లిదండ్రుల్ని చేతులు పట్టుకుని ఆపాలనిపిస్తుంది. అదే కాలేజీలో సివిలో ఎలక్ట్రికలో కన్వీనర్ సీటుగా దొరుకుతుంటే, పిల్లవాడికి ఇష్టమైతే, నిశ్చింతగా తీసుకోవచ్చు. ఈ ఊరిని చూడండి. రేవు, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు. వీటికి యంత్రాలు తెలిసిన మనిషి అవసరం లేని రోజు రాదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఓడల నిర్మాణ శాస్త్రం కూడా నేర్పుతారు, దేశంలో చాలా కొద్ది చోట్లే దొరికే చదువది. అలాంటి బ్రాంచి ఒకటుందన్న సంగతే తెలియకుండా ఆప్షన్లు పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు.

ఇంకో మాట. పాలిటెక్నిక్ అన్నా ఐటీఐ అన్నా మనింట్లో ముఖాలు చిన్నబోతాయి. ఎందుకో నాకు అర్థం కాదు. కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. పదో తరగతి తరవాత పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవాడు ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్ళొచ్చు. ఐటీఐ అయినవాళ్ళని నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు తీసుకుంటుంది. అక్కడ ఫిట్టర్‌గానో వెల్డర్‌గానో యుద్ధనౌకల మీద పని నేర్చుకున్న కుర్రాడి చేతికి ఉన్న విలువ, ఖాళీ ల్యాబుల్లో నాలుగేళ్ళు గడిపి వచ్చిన పట్టాకి ఉండదు. ఇది నా అభిప్రాయం, మార్చుకునే ఉద్దేశం లేదు.

ఇక చేరిపోయారు. మొదటి నెల చాలా ముఖ్యం. లైబ్రరీ కార్డు తీసుకోండి. మీ కాలేజీ లైబ్రరీ చిన్నదైతే ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయం ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య దాని గుమ్మం ఎక్కేవాళ్ళు తక్కువే గానీ, ఎక్కినవాళ్ళకి కొరత ఉండదు. మీకు నచ్చిన ఒక్క లెక్చరర్‌ని పట్టుకోండి. ఒక్కరు చాలు. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర తచ్చాడకుండా లోపలికి వెళ్ళి, అర్థం కానిది ఫలానా పేజీలో ఫలానా మాట అని చెప్పండి. అంత స్పష్టంగా అడిగిన విద్యార్థిని కసిరిన మాస్టారిని నా సర్వీసులో నేను పెద్దగా చూడలేదు.

ఇంగ్లీషు భయం నిజమే. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మా క్లాసులో చివరి బెంచీలో కూర్చునేవాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాసులో నోరు విప్పేవాడు కాదు. గంట కొట్టాక వెనకాలే వరండాలోకి వచ్చి అడిగేవాడు. ఒకసారి స్థిర తరంగాల పాఠం అయ్యాక, "మాస్టారూ, నోడ్ దగ్గర దారం కదలదని చెప్పారు కదా. కదలకపోతే ఇటువైపు శక్తి దాన్ని దాటి అటువైపు ఎలాగెళ్తుంది?" అన్నాడు. పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. మర్నాడు క్లాసులో లేచి ఇదే ప్రశ్న ఇలాగే తెలుగులో అడగమన్నాను. లేచాడు. గొంతు వణికింది గానీ అడిగాడు. మొదటి బెంచీలో ఇంగ్లీషు గడగడా మాట్లాడే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తోచలేదు. అందర్నీ ల్యాబుకి తీసుకెళ్ళి మెల్డీ ప్రయోగం పెట్టించాను. ట్యూనింగ్ ఫోర్కుకి కట్టిన దారం ఉచ్చులు ఉచ్చులుగా ఆడుతుంటే, దగ్గరికి ఒంగి నోడ్‌నే చూడమన్నాను. అతనే ముందు కనిపెట్టాడు. "కదుల్తోంది మాస్టారూ, కొంచెంగా." నిజమే. పుస్తకంలోని నోడ్ పూర్తిగా నిశ్చలం, అందుకే దాన్ని దాటి శక్తి పోదు. ల్యాబులో దారానికి గాలి అడ్డు ఉంటుంది, ఆ నష్టం పూడ్చడానికి ఫోర్కు నుంచి శక్తి వస్తూనే ఉండాలి, ఆ సన్నటి కదలిక మీదుగానే అది అటువైపు వెళుతుంది. ఆ ఏడంతా మొదటి బెంచీవాళ్ళు అనుమానం వస్తే అతని దగ్గరికి వెళ్ళేవారు. ఇంగ్లీషు అతనికి మూడో ఏట వచ్చింది, ప్రాక్టికల్ రికార్డులు రాసీ రాసీ.

మార్కులూ, బ్యాక్‌లాగులూ, ప్లేస్‌మెంట్లూ మీకు అందరూ చెబుతారు, నేను చెప్పను. నేను చెప్పేది రెండో సంవత్సరంలో చెయ్యాల్సిన ఒక పని. నలుగురు కలవండి. ఈ ఊళ్ళో మీ చదువుకి సంబంధించిన పని ఎక్కడ జరుగుతోందో చూసుకోండి. కామర్స్ చదువుతుంటే రేవులో దిగిన సరుకుకి కస్టమ్స్ కాగితాలు ఎలా నడుస్తాయో, జువాలజీ అయితే ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారుజామున వలల్లో ఏమొస్తుందో, చరిత్ర అయితే తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధులు ఏం కట్టారో చూడొచ్చు. వెళ్ళాలంటే అనుమతి కావాలి, రేవుకీ స్టీల్‌ప్లాంటుకీ భద్రత గట్టిగా ఉంటుంది. కనక ఉత్తరం రాయండి. మీరెవరు, ఎంతమంది, ఏ రోజు, ముఖ్యంగా ఏ విభాగంలో ఏం చూడాలనుకుంటున్నారు, ఎందుకు. 'ఇండస్ట్రియల్ విజిట్ కోసం' అని ఊరికే రాస్తే చదివే అధికారికి ఏమీ తెలియదు. 'కన్వేయర్ మీద బొగ్గు ఎన్ని చోట్ల మలుపు తిరుగుతుందో, అక్కడ బెల్టు ఎందుకు అరుగుతుందో చూడాలనుకుంటున్నాం' అని రాస్తే ఆయన కుర్చీలో ముందుకి జరుగుతాడు. రోజూ ఆ బెల్టుతో తంటాలు పడేది ఆయనే కదా. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో పంపండి. రెండు వారాలు చూసి జవాబు రాకపోతే ఇంకోటి రాయండి. ఈసారి మీ లెక్చరర్‌ని కూడా వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, చేతికిచ్చి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని రండి.